ఏడవని బిడ్డ బాగున్నట్టేనా?

ఛత్తీస్‌గఢ్‌లో, నవా రాయ్‌పుర్‌లోని శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో బిల్లు కట్టే కౌంటర్ ఉండదు. 2012లో మొదలైన ఈ ఆసుపత్రి 2014 నుంచి పూర్తిగా పిల్లల గుండె జబ్బులకే పనిచేస్తోంది. పుట్టే ప్రతి వెయ్యి మందిలో 8 నుంచి 10 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది కాబట్టి ఇలాంటి చోటు అవసరం ఎంతో ఊహించవచ్చు. ఆపరేషన్ గురించి అమ్మానాన్నలు డాక్టర్లను అన్నీ అడిగి తెలుసుకుంటారు. మంచం మీది బిడ్డ ఎందుకు ఏడుస్తోంది, ఎందుకు ఏడవడం లేదు అన్నది మాత్రం అడగరు. అక్కడ ఇంటి పెద్దల మాట, పక్క మంచం వాళ్ల మాటే చెల్లుతుంది. ఆ మాటల్లో కొన్ని పిల్లలకు చేటు చేస్తున్నాయి.

అపోహ: నెలల గుడ్డుకు నొప్పి ఏం తెలుస్తుంది?

ఒకప్పుడు డాక్టర్లూ ఇలాగే అనుకున్నారు. 1980ల దాకా సంపన్న దేశాల్లో కూడా, నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు కండరాలు కదలకుండా చేసే మందు, నామమాత్రపు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసిన సందర్భాలు మామూలే. ఆ నమ్మకాన్ని బద్దలు కొట్టినవారిలో ముఖ్యుడు మనవాడే. ఇందోర్ మెడికల్ కాలేజీలో చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన డాక్టర్ కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్.  ఆయన బృందం పరిశీలించిన ఆపరేషన్ కూడా గుండెకు సంబంధించినదే. పుట్టాక మూసుకుపోవలసిన రక్తనాళం తెరుచుకునే ఉండిపోతే దాన్ని కట్టివేసే శస్త్రచికిత్స అది. ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు కూడా ఇచ్చిన శిశువుల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ తగ్గాయి. 1987లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన ఈ ఫలితం ప్రపంచమంతటా పద్ధతులు మారడానికి దారితీసింది.

కాబట్టి టీకాకో రక్తపరీక్షకో సూది గుచ్చేటప్పుడు బిడ్డను తల్లి నుంచి లాక్కోనక్కర్లేదు. పాలు తాగుతూ ఉండగా, అమ్మ ఒంటికి ఆనుకుని ఉండగా గుచ్చితే చంటిబిడ్డకు బాధ తక్కువ. చేయవచ్చా అని నర్సును అడగండి.

అపోహ: మొదట్లో ఏడ్చాడు, ఇప్పుడు అలవాటు పడిపోయాడు

అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇదేనని నా అభిప్రాయం. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు లండన్‌లో ఒక సినిమా తీశారు. బొడ్డు దగ్గరి హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాప కథ అది. ఆ పాప పెద్దగా ఏడవదు. ‘బుద్ధిమంతురాలు’ అనిపిస్తుంది. కానీ కెమెరా నిదానంగా చూపిన కొద్దీ తెలుస్తుంది, రోజులు గడిచేసరికి అమ్మ వచ్చినా పాప ముఖం తిప్పుకుంటోంది. ఏడ్చి పిలవడం, తర్వాత ఆశ వదిలి ముడుచుకుపోవడం, చివరికి అంటీముట్టనట్టు మారడం అనే మూడు దశలను రాబర్ట్‌సన్, మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ వివరించారు. 1959లో బ్రిటన్‌లో ప్లాట్ కమిటీ, పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను ఏ వేళలోనైనా రానివ్వాలని సిఫారసు చేసింది. అమ్మ దగ్గరుండటం వైద్యంలో భాగమే. ఐసీయూలో కొంత అడ్డు తప్పకపోవచ్చు. ఎప్పుడు లోపలికి రావచ్చో, బిడ్డ పట్టుకుని పడుకునే గుడ్డ లోపల ఉంచవచ్చో లేదో అడగడంలో తప్పు లేదు.

తెలుగు ఇళ్ల పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. భిలాయిలో ఉద్యోగాలకు వచ్చి స్థిరపడినవాళ్లకు హిందీ వచ్చు, మూడేళ్ల మనవడికి రాకపోవచ్చు. సరిహద్దున కోంటా వైపు నుంచి వచ్చే బిడ్డకూ అంతే. నర్సు హిందీలో అడిగితే బిడ్డ చెప్పలేదు, చూస్తూ ఉంటుంది. ‘నొప్పి’, ‘దాహం’, ‘ఉచ్చ’, ‘అమ్మ కావాలి’ అనే నాలుగు మాటలు దేవనాగరిలో, హిందీ అర్థంతో రాసి మంచం దగ్గర అంటించండి. బొమ్మ ముఖాలు చూపి నొప్పి ఎంతో అడిగే పద్ధతి మూడేళ్లు దాటిన చాలామందికి పనికొస్తుంది. మాట రాని పిల్లల ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడిల్లే తీరు చూసి నొప్పిని అంచనా వేసే పద్ధతులూ ఉన్నాయి.

అపోహ: ఆడుకుంటున్నాడు కదా, నొప్పి నాటకమే

ఛత్తీస్‌గఢ్‌లో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. ఆ పిల్లలకు ఎముకల్లో, కీళ్లలో వచ్చే నొప్పి తీవ్రమైనది. దాన్ని మరిచిపోవడానికి బిడ్డ ఆడుతుంది, అలసి నిద్రపోతుంది కూడా. నిద్రపోయిందంటే నొప్పి లేదని కాదు. నొప్పి అని చెబితే నమ్మండి.

అపోహ: అబద్ధం చెప్పైనా ఊరుకోబెట్టాలి

‘ఏమీ చేయరు’ అని చెప్పి సూది వేయిస్తే, మరుసటి రోజు మీరు చెప్పే ఏ మాటనూ బిడ్డ నమ్మదు. ‘కాసేపు నొప్పెడుతుంది, నేను చెయ్యి పట్టుకుంటా’ అనండి. ‘అల్లరి చేస్తే సూది వేయిస్తా’ అనే బెదిరింపు ఇంకా చెడ్డది. మూడు నుంచి ఆరేళ్ల వయసులో చాలామంది పిల్లలు జబ్బును తాము చేసిన తప్పుకు శిక్ష అనుకుంటారు. మనమే ఆ అనుమానాన్ని నిజం చేస్తున్నాం.

ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లాక పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం, రాత్రి ఉలిక్కిపడటం మొండితనం కాదు. కొన్ని వారాల్లో తగ్గుతాయి. తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి.

అపోహ: గుండెలో రంధ్రం పూడ్చేశారు, ఇక అంతా అయిపోయింది

గుండె బాగుపడవచ్చు. కానీ పుట్టుకతో గుండె జబ్బు ఉన్న పిల్లల్లో, ముఖ్యంగా సంక్లిష్టమైన లోపాలున్నవారిలో, మాట, నడక, ఏకాగ్రత, చదువుల్లో ఆలస్యం వచ్చే అవకాశం మిగతావారికన్నా ఎక్కువ. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లోనే వీరికి ఎదుగుదల పరీక్షలు క్రమంగా చేయాలని సూచించింది. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు ఈ పరీక్షలు ఉచితం. జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలు ఇందుకోసమే ఉన్నాయి. డిశ్చార్జి కాగితం చేతికొచ్చిన రోజే మందుల చీటీతో పాటు ఇదీ అడగండి: మా బిడ్డ ఎదుగుదలను మళ్లీ ఎప్పుడు, ఎక్కడ చూపించాలి?