క్రాస్‌బో స్కోప్: బాక్స్ మీద 400 అని ఉందని డయల్ 400కి తిప్పేస్తే సరిపోదు.. ఎందుకంటే?

అమెరికాలో శరదృతువు వచ్చిందంటే జింకల వేట సీజన్ మొదలైనట్టే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. అక్కడ మాత్రం లైసెన్స్ తీసుకుని, రాష్ట్రానికో రకంగా ఉండే రూల్స్ పాటిస్తూ వేటాడొచ్చు. తుపాకీ వద్దనుకునే చాలామంది ఎంచుకునేది క్రాస్‌బో. పేరుకు విల్లే అయినా, భుజానికి ఆనించి ట్రిగ్గర్ నొక్కే ఆయుధం ఇది. పైన స్కోప్ కూడా ఉంటుంది. అసలు చిక్కు ఆ స్కోప్‌తోనే.

ఇప్పటి క్రాస్‌బోల స్పీడ్ మామూలుగా లేదు. సెకనుకు 400 అడుగుల వేగం సాధారణమైపోయింది. రేవిన్ ఆర్500, టెన్‌పాయింట్ నైట్రో 505 లాంటివి 500 మార్కును తాకాయి. ఇంత వేగంగా వెళ్లే బాణం నేరుగానే పోతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. అది నిజం కాదు. 20 గజాల దగ్గర కచ్చితంగా తగిలేలా స్కోప్ సెట్ చేసి, అదే గురితో 40 గజాలకు కొడితే 400 స్పీడ్ బాణం దాదాపు 6 అంగుళాలు కిందకు దిగిపోతుంది. 60 గజాలకైతే అడుగున్నర కంటే ఎక్కువే!

అందుకే క్రాస్‌బో స్కోప్ లోపల ఒకదాని కింద ఒకటి గీతలు ఉంటాయి. పై గీత 20 గజాలకు, తర్వాతవి 30, 40, 50 గజాలకు అన్నమాట. వీటిని బాణం వేగానికి సరిపోయేలా మార్చేందుకు స్పీడ్ డయల్ ఇస్తారు. చాలా స్కోపుల్లో ఈ డయల్ నిజానికి జూమ్ రింగే. స్పీడ్‌కు తగ్గట్టు సెట్ చేశాక, జింక దగ్గరగా కనబడాలని మళ్లీ జూమ్ తిప్పారో.. పై గీత తప్ప మిగతా గీతల లెక్కలన్నీ తప్పిపోతాయి.

మరి బాక్స్ మీద రాసిన స్పీడ్‌కే డయల్ తిప్పేయొచ్చు కదా? ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. కంపెనీలు ఆ అంకెను సాధారణంగా తేలికపాటి బాణంతో సాధిస్తాయి. 400 గ్రెయిన్ల బాణంతో 400 స్పీడ్ ఇచ్చే క్రాస్‌బోలో 450 గ్రెయిన్ల బాణం పెడితే వేగం 380 చుట్టుపక్కలకు పడిపోతుంది. డయల్ 400 మీద ఉండి అసలు స్పీడ్ 350 అయితే, 50 గజాల దగ్గర బాణం 5 అంగుళాల దాకా కింద తగులుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడ్డంగా కొలిస్తే సుమారు 8 అంగుళాలు. మధ్యలోకి గురిపెట్టినా 5 అంగుళాలు తప్పితే బాణం ఆ చోటు దాటిపోయినట్టే. అప్పుడు జింక వెంటనే చావదు. గాయంతో పొదల్లోకి పారిపోయి, ఎక్కడో నరకయాతన పడి చనిపోతుంది. వేటగాడికి అది దొరకదు కూడా.

కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందుగా, డయల్ మీద ఉన్న అంకెలు మీ క్రాస్‌బో వేగం దాకా వెళ్తున్నాయో లేదో చూడాలి. 350తో ఆగిపోయే స్కోప్‌ను 430 స్పీడ్ క్రాస్‌బోకి బిగిస్తే ఉపయోగం లేదు. జూమ్ 5 రెట్లు చాలు. జింకలు ఎక్కువగా తిరిగేది తెల్లవారుజామున, సాయంత్రం పూట కాబట్టి గీతలు వెలిగే స్కోప్ అయితే మేలు. రైఫిల్ స్కోప్ తెచ్చి బిగించడం మాత్రం వద్దు. అది ఎక్కువ దూరాల కోసం తయారైంది. దూరాన్ని తనే కొలిచే గార్మిన్ జీరో, బర్రిస్ ఒరాకిల్ లాంటివీ ఉన్నాయి. అయితే ఎలక్ట్రానిక్ స్కోపుల మీద కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలున్నాయి.

సెట్ చేసేదిలా..

రింగులు గట్టిగా బిగించి, క్రాస్‌బోను కదలకుండా స్టాండ్ మీద పెట్టాలి. 20 గజాల నుంచి, వేటకు వాడే బరువున్న బాణాలతోనే మూడుసార్లు కొట్టాలి. ఒక్క బాణం చూసి నాబ్ తిప్పొద్దు. మూడూ ఎక్కడ గుమిగూడాయో చూసి, బాణం ఎటు జరగాలో అటు తిప్పాలి. ఒక క్లిక్‌కు 100 గజాల దగ్గర పావు అంగుళం జరిగే స్కోప్ అయితే, 20 గజాల దగ్గర అంగుళం జరగాలంటే దాదాపు 20 క్లిక్కులు కావాలి. రెండు క్లిక్కులు తిప్పి 'ఏం మారలేదే' అనుకునేవాళ్లే ఎక్కువ! మూడింటినీ ఒకే చుక్కకు కొట్టొద్దు, వేరువేరు చుక్కలు పెట్టుకోవాలి. లేదంటే రెండో బాణం మొదటిదాన్ని చీల్చేస్తుంది. వాటి ధర తక్కువేం కాదు. బొటనవేలు తాడు దారిలోకి రాకుండా చూసుకోవడం అన్నింటికంటే ముఖ్యం.

20 కుదిరాక 50 గజాలకు వెళ్లి, ఆ గీతతో గురిపెట్టాలి. బాణం కింద తగిలితే డయల్‌ను తక్కువ అంకె వైపు, పైన తగిలితే ఎక్కువ అంకె వైపు తిప్పాలి. ఇప్పుడు నాబ్‌ల జోలికి వెళ్లొద్దు. 50 దగ్గర కుదిరిన అంకే మీ అసలు స్పీడ్. దానికి టేప్ ముక్క అంటించుకుంటే చేయి తగిలి జరిగిపోదు. చివరగా వేటలో వాడే బ్లేడు మొనతో కూడా కొట్టి చూడాలి. ప్రాక్టీస్ మొన తగిలిన చోటే ఇదీ తగులుతుందన్న గ్యారంటీ లేదు.

ఇంతా చేసి 60 గజాల గీత ఉంది కదా అని అంత దూరం కొట్టేయొచ్చా? టార్గెట్ మీదైతే కొట్టొచ్చు. జింక మీద కాదు. 40 గజాలు వెళ్లడానికే 400 స్పీడ్ బాణానికి సెకనులో మూడో వంతు దగ్గర పడుతుంది. తాడు చప్పుడు దానికంటే చాలా ముందే జింక చెవికి చేరుతుంది. ఉలిక్కిపడి పరిగెత్తేందుకు అది కిందకు వంగిందంటే, స్కోప్ ఎంత బాగా సెట్ చేసినా బాణం దాని వీపు మీదుగా వెళ్లిపోతుంది.