పాత కారుకు శీతనిద్ర

చౌమహల్లా ప్రాసాదాన్ని దర్శించిన విద్యార్థులు అక్కడి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును చూచియే ఉంటారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోరిన ఈ వాహనం, ఆయన 1911లో కాలధర్మం చెందిన పిమ్మట గాని హైదరాబాదు చేరలేదు. అది తిరిగినది బహు స్వల్పం. కదలక నిలిచిన కాలమే ఎక్కువ. అయినా దానిని తరువాత బాగుచేయవలసి వచ్చింది. తిరగని బండికి మరమ్మతు లెందుకు? అరుగుదల తిరిగే యంత్రానికే గదా!

ఈ సందేహానికి సమాధానం శీతల దేశాలవారికి అనుభవపూర్వకంగా తెలుసు. ఇంగ్లండులో పాత కార్ల యజమానులు పలువురు చలికాలం రాగానే వాటిని షెడ్డులో పెట్టి, వసంతంలో గాని బయటకు తీయరు. రోడ్లపై మంచు గడ్డకట్టకుండా అక్కడ ఉప్పు చల్లుతారు. ప్రయాణికులకు అది మేలే. కాని ఆ ఉప్పునీరు కారు అడుగుభాగపు సందుల్లో చేరి ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తుంది. కావున దాచడానికి ముందు అడుగుభాగాన్ని శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తడిబండిని గాలి చొరని గదిలో మూయడం కంటె ఆరుబయట విడవడమే నయమని నా అభిప్రాయం.

నీరు గడ్డకట్టేటప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. రేడియేటరులో వట్టి నీరుంటే ఆ ఒత్తిడికి పోత ఇనుము సైతం పగులుతుంది. ఇథిలీన్ గ్లైకాల్‌ను నీటితో సమపాళ్ళలో కలిపితే సున్నాకు 30 డిగ్రీల దిగువన కూడ భయం లేదు. బ్యాటరీ సంగతీ ఇట్టిదే. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీలోని ఆమ్లం సులభంగా గడ్డకట్టదు. చార్జి దిగినకొద్దీ అది నీటికి చేరువవుతుంది. వాడిన ఇంజను ఆయిల్‌లో ఆమ్లాలు చేరి ఉంటాయి గనుక దానిని దాచే ముందే మార్చాలి, తీసిన తరువాత కాదు.

వారానికొకసారి అయిదు నిమిషాలు ఇంజను నడిపితే చాలునని పలువురి నమ్మకం. మంచి ఉద్దేశంతో చేసే కీడు ఇది. ఒక లీటరు పెట్రోలు మండితే రమారమి ఒక లీటరు నీరు పుడుతుంది. వేడెక్కిన ఇంజనులో అది ఆవిరియై గొట్టం గుండా వెళ్ళిపోతుంది. అయిదు నిమిషాలలో ఇంజను వేడెక్కదు; ఆ ఆవిరి సైలెన్సరులోనే చల్లబడి నీరై నిలుస్తుంది, కొంత ఆయిల్‌లోనూ కలుస్తుంది. నడిపితే పొడిదినాన ఇంజను బాగుగా కాగేవరకు పది మైళ్ళు నడపాలి. లేదా ముట్టనే కూడదు. ప్లాస్టిక్ కప్పు కూడ ఇట్లే తేమను బంధిస్తుంది, నూలుగుడ్డ శ్రేష్ఠం. గడ్డకట్టే చలి ఎరుగని మన జంటనగరాలలో సైతం వానాకాలపు తేమకు ఈ మాట వర్తిస్తుంది.

హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచితే బ్రేకులు అంటుకుపోతాయి. దానిని వదలి చక్రాలకు చెక్కలు అడ్డుపెట్టాలి. టైర్లలో గాలి కొంచెం ఎక్కువగా ఉంచాలి. ఎలుకలు చొరకుండా పొగగొట్టంలో గుడ్డ కుక్కడం ఆచారం. ఆ గుడ్డ సంగతి ఒక చీటీపై వ్రాసి స్టీరింగుకు కట్టాలి. నాలుగు నెలల తరువాత అది ఎవరికీ గుర్తుండదు.