తామర మందు: దురద తగ్గగానే ఆపేయకండి

ఎండలు ముదిరాయంటే మన క్యాంపుల్లో చాలామందికి ఇదే బాధ. గజ్జల్లో, చంకల్లో, నడుము దగ్గర గుండ్రటి ఎర్రమచ్చలు వస్తాయి. అంచు పైకి లేచి ఉంటుంది, మధ్యలో మామూలుగా కనిపిస్తుంది. సేఫ్టీ షూస్ వేసుకునేవాళ్లకు కాలివేళ్ల మధ్య తెల్లగా నాని పగులుతుంది. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు రోజంతా చేతులు నీళ్లలో ఉండి వేళ్ల సందులు ఒరుసుకుపోతాయి. ఇవి ఎక్కువగా ఫంగస్ వల్ల వచ్చేవే. సిగ్గుపడాల్సిన రోగం కాదు. చెమట, తడిబట్ట, ఇరుకు గది ఉంటే ఎవరికైనా వస్తుంది.

ముందు మీ దగ్గరున్న ట్యూబు చూడండి

ఊరి నుంచి తెప్పించుకున్న ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథాసోన్, మొమెటాసోన్ అనే పేర్లలో ఏదైనా ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. చదవడం రాకపోతే ఫార్మసీలో చూపించండి. ఇది పూస్తే రెండ్రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి. మందు బాగా పనిచేసిందనుకుంటాం. కానీ ఫంగస్ చావదు, చాపకింద నీరులా పాకుతుంది. ఆపగానే ఇంకా ఎక్కువగా వస్తుంది. చాలాకాలం వాడితే చర్మం పలచబడి చారలు పడతాయి, ఆ చారలు పోవు. అందుకే 2018లో భారత ప్రభుత్వం ఇలాంటి 14 పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు డాక్టరుకు చూపించుకోండి.

ఎలా పూయాలి

స్టెరాయిడ్ కలవని క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము అడగండి. ఒళ్లు కడుక్కుని, పూర్తిగా ఆరాక, రోజుకు 2 లేదా 3 సార్లు పలచగా పూయండి. మచ్చ మీదే కాదు, చుట్టూ రెండు వేళ్ల వెడల్పు వరకూ రాయాలి. మచ్చ కనబడకుండా పోయాక కూడా మరో 2 వారాలు వాడాలి. మనవాళ్లు తప్పేది ఇక్కడే. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

తువ్వాలు, లోదుస్తులు, సాక్సులు ఎవరివి వాళ్లవే. రోజూ ఉతికి ఎండలో ఆరేయండి. గదిలో ఇంకొకరికి ఉంటే ఇద్దరూ ఒకేసారి వాడాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

క్రీముతో పోనివి

తలలో, గోళ్లలో వస్తే, ఒళ్లంతా పాకితే, చీము పడితే, షుగరు ఉంటే, గర్భిణి అయితే, 2 వారాలు వాడినా తగ్గుముఖం పట్టకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఈమధ్య మామూలు మందులకు లొంగని తామర కూడా ఎక్కువైంది.

డాక్టరు ఖర్చు ఎవరిది?

యూఏఈలో 2025 జనవరి 1 నుంచి అన్ని ఎమిరేట్లలోనూ ప్రైవేటు కంపెనీల కార్మికులకు, ఇంటి పనివాళ్లకు ఆరోగ్య బీమా తప్పనిసరి. ప్రీమియం కట్టాల్సింది యజమాని. మీ జీతంలో కోయకూడదు. కార్డు ఇవ్వకపోతే అడగండి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకూ మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదు. ఆ వేళలో షూస్ విప్పి కాళ్లు ఆరనివ్వండి. యజమాని వినకపోతే కార్మిక మంత్రిత్వ శాఖ నంబరు 600590000కి ఫోన్ చేయండి. డాక్టరుకు చూపించమని అడగడం మీ హక్కు, యజమాని దయ కాదు.