వల యెత్తిన పావురములు

చిన్నయసూరి మిత్రలాభము మన ఉపాధ్యాయులకు కొత్తది కాదు. వలలో చిక్కిన పావురములు ఒక్కుమ్మడిగా ఎగిరి, వలతో కూడ ఆకాశమునకు లేచిన కథను ఐకమత్యమునకు ఉదాహరణముగా పిల్లలకు చెప్పుచుందుము. కాని కథ అంతటితో ముగియలేదు. చిత్రగ్రీవునకు ఎగురుటయే కాక, ఎక్కడ దిగవలయునో కూడ తెలియును. హిరణ్యకుడు వల కొఱికిన పిదపనే పావురములకు విముక్తి. ఒకే సమస్యపై కుదురు రాజకీయపు పొత్తులలో తరచుగా లోపించునది ఈ రెండవ భాగమే.

ఆంధ్రరాష్ట్రపు తొలి దినములలోనే ఇందుకు నిదర్శనము కలదు. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశంగారి మంత్రివర్గము మద్యనిషేధపు వివాదముపై ఒక్క ఓటు తేడాతో కూలిపోయినది. కల్లుగీత కార్మికుల పక్షము వహించిన గౌతు లచ్చన్నగారును, కమ్యూనిస్టులును ఆనాడు ఒకే వైపున నిలిచిరి. ప్రభుత్వమును పడగొట్టిన ఆ పొత్తు మరియొక ప్రభుత్వమును నిలుపలేకపోయినది. రాష్ట్రపతి పాలన వచ్చినది. కొలది నెలలకే, 1955 ఎన్నికలలో, లచ్చన్నగారి కృషికార్ లోక్ పార్టీ కాంగ్రెసుతోను, ప్రజాపార్టీతోను చేరి కమ్యూనిస్టులను ఎదిరించినది. 196 స్థానములలో ఈ కూటమికి 146, కమ్యూనిస్టులకు 15 లభించినవి. నిన్నటి మిత్రుడు నేటి ప్రత్యర్థి యగుటకు ఒక్క ఋతువు చాలినది.

ఇంతకంటె ఉదాత్తమైనది విశాఖ ఉక్కు ఉద్యమము. 1966 అక్టోబరు 15న టి. అమృతరావుగారు నిరాహారదీక్ష పూనిరి. 1954లో కూలిన మంత్రివర్గమున మంత్రిగా నుండిన తెన్నేటి విశ్వనాథంగారు అఖిలపక్ష కార్యాచరణ సంఘమునకు నాయకులైరి. ప్రభుత్వ పరిశ్రమలను కోరు కమ్యూనిస్టులును, కేంద్ర ప్రణాళికలను మెచ్చని స్వతంత్ర పక్షము వారును ఒకే నినాదము పలికిరి. ఆ ఉద్యమములో 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారమును ప్రకటించిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. ఆ త్యాగమును తక్కువ చేయుట ఎవరికిని తగదు.

అయినను ఆ నినాదములో ఏమున్నదో విచారింపవలసియున్నది. కర్మాగారము ఎక్కడ ఉండవలయునో అందున్నది. దానికి ఇనుపఖనిజము ఏ గని నుండి రావలయును? పెట్టుబడి ఎవరు, ఎప్పుడు సమకూర్చవలయును? భూములు విడిచిన అరువదికి పైబడిన గ్రామముల వారి గతి యేమి? వీనిపై ఆ పక్షములకు ఏకాభిప్రాయము కుదురుట కష్టము. ఐక్యత చెదరకుండుటకు అట్టి ప్రశ్నలను ప్రక్కకు నెట్టుట ఇటువంటి పొత్తుల స్వభావము. శంకుస్థాపనకును, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమగుటకును నడుమ ఇరువదియొక సంవత్సరములు గడచినవి. భిలాయి కర్మాగారమునకు సొంత గనులు కలవు, విశాఖకు దక్కలేదు. బైలదిలా ఖనిజము విశాఖ రేవు మీదుగా విదేశములకు ఎగుమతి యగుచుండగా, ఈ ఊరి కర్మాగారము దానిని వెలకు కొనవలసివచ్చినది.

2021 జనవరిలో కేంద్రము కర్మాగారములోని తన వాటాను పూర్తిగా అమ్మ నిశ్చయించినప్పుడు పక్షములు మరల ఏకమైనవి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటింపబడినది. కాని “అమ్మరాదు” అనుట ఒక మాట, ఎట్లు నడుపవలయునో చెప్పుట వేరొక మాట. మొదటి మాటకు కూడిన చేతులన్నియు రెండవదానికి కూడునని నమ్మరాదు.

పొత్తు వలదని నా అభిప్రాయము కాదు. అందరును కలియనిచో వల కదలదు. అయితే కలియుటకు ముందే, గెలిచిన మరునాటి బాధ్యత ఎవరిదో, ఏ విషయములలో మనకు భేదము కలదో బాహాటముగా చెప్పుకొనుట మేలు. దాచిన భేదము విజయానంతరము తప్పక బయటపడును. వేటగాడు ఆ పావురముల వెంట క్రింద పరుగెత్తినది అవి ఎప్పుడో ఒకప్పుడు నేలకు దిగకపోవను ఆశతోనే. ఈ కథ చెప్పునప్పుడు “పావురములు ఎట్లు ఎగిరినవి?” అని మాత్రమే గాక, “ఎచటికి పోయినవి?” అని కూడ విద్యార్థులను అడుగుట మంచిది.