నృగ మహారాజు కథ – మన ఇంటి బల్లి, పొలం గట్టు ఉడుము

శ్రీమద్భాగవతం దశమ స్కంధంలోని నృగోపాఖ్యానం దానశీలురందరూ స్మరించదగిన గాథ. ఇక్ష్వాకు వంశజుడైన నృగ మహారాజు లెక్కకు మిక్కిలిగా గోదానాలు చేసిన పుణ్యాత్ముడు. ఒకనాడు, తాను అంతకుముందే ఒక విప్రునికి దానమిచ్చిన ఆవు తప్పిపోయి వచ్చి తన మందలో కలిసింది. రాజు ఆ సంగతి ఎరుగక దానిని మరొక విప్రునికి ధారపోశాడు. ఆ దోషఫలంగా ఆయన కృకలాస రూపం పొంది, అనగా ఊసరవెల్లియై, నీరులేని ఒక నూతిలో చిరకాలం పడి ఉన్నాడు. ద్వారకలో విహరిస్తున్న యాదవ కుమారులు దాహంతో నీటికై వెదకుతూ ఆ నూతిలోకి తొంగి చూసి, ఆ మహాకాయాన్ని కనుగొన్నారు. వారు దానిపై రాళ్లు విసరలేదు. జాలిపడి, త్రాళ్లు కట్టి పైకి లాగ ప్రయత్నించారు. తమవల్ల కాకపోగా శ్రీకృష్ణునికి విన్నవించారు. స్వామి ఎడమచేతితో అవలీలగా దానిని వెలికి తీయగా, నృగునికి శాపరూపం తొలగిపోయింది.

ఈ కథలో మనకు రెండు బోధలున్నాయి. మొదటిది, నోరులేని ప్రాణిని చూచినపుడు ముందుగా కలుగవలసినది దయ అని. రెండవది, తెలియక చేసినా దోషం దోషమే అని. బల్లి, తొండ, నలికిరి, ఊసరవెల్లి, ఉడుము – ఈ జాతి ప్రాణులతో మన నిత్యవ్యవహారానికి ఈ రెండు బోధలూ నేటికీ వర్తిస్తాయి.

ఇంటి గోడపై ఉండే బల్లిని మన పెద్దలు గౌళి అన్నారు. మాట్లాడుతుండగా అది పలికితే 'సత్యం' అని నేలపై వ్రేలితో తట్టడం అనేక గృహాలలో ఆచారం. ఏటా వెలువడే పంచాంగాలలో బల్లిపాటు ఫలితాల పట్టిక తప్పక ఉంటుంది. బల్లి మీద పడినపుడు పెద్దలు చెప్పే పరిహారం స్నానం, దీపారాధన, ఇష్టదేవతా స్మరణ. బల్లిని చంపమని చెప్పే పరిహారం లేదు. దోషభయంతో చీపురు తీసుకొని దానిని వెంటాడి కొట్టేవారు ఈ విషయాన్ని ఆలోచించాలి.

కంచి వరదరాజస్వామి ఆలయంలోని బంగారు బల్లి, వెండి బల్లి దర్శనం మన ప్రాంతపు యాత్రికులకు తెలిసినదే. గౌతమ మహర్షి శిష్యులిద్దరు తెచ్చిన జలపాత్రలో బల్లి పడి ఉండగా వారు గమనించలేదని, అందువల్ల శాపగ్రస్తులై బల్లులైనారని, వరదరాజస్వామి సన్నిధిలో వారికి విమోచనం లభించిందని స్థలగాథ. ఇక్కడ తప్పు బల్లిది కాదు. పాత్రపై మూత ఉంచని, చూచుకొనని అజాగ్రత్తది. నేటి మన వంటిళ్లకూ, అన్నదాన శాలలకూ ఈ గాథ చెప్పే నీతి ఇదే.

బల్లి పడిన ఆహారం కాలకూట విషమౌతుందని ఒక భయం లోకంలో బలంగా ఉంది. మన ఇళ్లలోని బల్లికి విషగ్రంథులు లేవు. అయితే దాని మలంలోను, దేహంపైన సాల్మొనెల్లా వంటి సూక్ష్మక్రిములు ఉండవచ్చు. వాటివల్ల వాంతులు, విరేచనాలు, జ్వరం కలుగుతాయి. అందుచేత బల్లి పడిన పదార్థాన్ని నిస్సంకోచంగా పారవేసి, పాత్రను మరుగు నీటితో శుభ్రపరచాలి. ఎవరైనా తెలియక తిని అస్వస్థులైతే వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాలి. ముఖ్యంగా సంతర్పణలలో పాలు, పాయసం, సాంబారు గుండిగలను దీపాల క్రింద మూతలేకుండా ఉంచరాదు. దీపపు వెలుగుకు పురుగులు, పురుగులకై బల్లులు చేరడం సహజం. ఆ పురుగులను, దోమలను తిని బల్లి మనకు ఉపకారమే చేస్తున్నది. శత్రువు పట్టినపుడు అది తోకను విడిచి పారిపోతుంది. కొట్టుకొనే తోకను చూచి శత్రువు భ్రమపడుతుంది. కొంతకాలానికి కొత్త తోక మొలుస్తుంది. గోడపై అది జారకుండా నడవడానికి కారణం జిగురు కాదు. పాదాల క్రింద కంటికి కనిపించని లక్షలాది సన్నని కేశాలు గోడ ఉపరితలాన్ని అణువుల మధ్య ఉండే ఆకర్షణచేత అంటిపెట్టుకొంటాయని 2002లో శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకంగా నిరూపించారు.

పెరటిలోని తొండ తల జతకట్టే కాలంలో ఎర్రబడుతుంది. అది రక్తం పీల్చినందువల్ల వచ్చిన ఎరుపు అని భయపడి పిల్లలు రాళ్లు రువ్వుతుంటారు. అది రక్తం పీల్చదు, పురుగులను తింటుంది. నున్నగా మెరిసే నలికిరిని పాముపిల్ల అనుకొని చంపేవారూ ఉన్నారు. దానికి చిన్న కాళ్లు ఉంటాయి, విషం ఉండదు. మన కృష్ణా డెల్టాలో ఈ భయానికి కారణం లేకపోలేదు. 2018 వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు అధికమైనపుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో సర్పశాంతి నిమిత్తం యాగం జరిగిన సంగతి భక్తులకు గుర్తుండే ఉంటుంది. వానలకు కలుగులు నిండినపుడు ప్రాణులన్నీ మెరక వెదకుకొంటాయి. అట్టి సమయంలో చీకటిలో దీపం, కాళ్లకు చెప్పులు, ఇంటి చుట్టూ శుభ్రత మనకు రక్ష. కనిపించిన ప్రతి ప్రాణినీ చంపడం రక్ష కాదు.

పొలం గట్లపై, కాలువ ఒడ్డున తిరిగే ఉడుము విషయం మరింత శ్రద్ధగా తెలుసుకోవలసినది. ఎలుకలను, పురుగులను, పాముల గ్రుడ్లను కూడా తినే ఈ ప్రాణి రైతుకు మిత్రుడు. పట్టుకొన్నది విడువని దాని బలం వల్లనే 'ఉడుముపట్టు' అన్న మాట మన భాషలో నిలిచింది. పూర్వం భజనలలోను, కచేరీలలోను వాయించే ఖంజీరకు ఉడుము చర్మాన్నే బిగించేవారు. నేడు మేకచర్మంతోను, కృత్రిమ పొరలతోను చేసిన ఖంజీరలు లభిస్తున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉడుము మొదటి షెడ్యూలులో చేరిన ప్రాణి. అనగా పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉన్నది. దానిని వేటాడినా, దాని అవయవాలను కొన్నా, అమ్మినా 3 సంవత్సరాల నుండి 7 సంవత్సరాల వరకు కారాగార శిక్ష, జరిమానా పడతాయి.

భక్తులు తప్పక గమనించవలసిన విషయం ఒకటున్నది. 'హత్తాజోడీ' అనే పేరుతో, అరుదైన మొక్క వేరని చెప్పి, ఒక వస్తువును పూజాద్రవ్యంగా అమ్ముతున్నారు. అది జోడించిన రెండు చేతులవలె కనిపిస్తుంది. సిందూరంలో ఉంచి పూజిస్తే ధనప్రాప్తి, వ్యాజ్యాలలో జయం కలుగుతాయని ప్రచారం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వరల్డ్ యానిమల్ ప్రొటెక్షన్ సంస్థవారు 2017లో దీని నిజస్వరూపాన్ని లోకానికి వెల్లడించారు. అది వేరు కాదు. మగ ఉడుమును చంపి, కోసి ఎండబెట్టిన జననాంగం. కొన్నిచోట్ల దానికి అచ్చుపోసిన ప్లాస్టిక్ నకళ్లు కూడా అమ్ముతున్నట్లు తేలింది.

లక్ష్మీప్రసన్నతకై శుచిగా స్నానమాచరించి, పసుపు కుంకుమలతో పూజించిన వస్తువు ఒక మూగప్రాణి మృతకళేబరపు ముక్క అని తెలిస్తే ఏ భక్తుని మనస్సు క్షోభించదు? అమ్మినవాడు వేరన్నాడు, మాకు తెలియదు అనవచ్చు. నృగ మహారాజుకు కూడా ఆ గోవు పరులదని తెలియదు. దానమైనా, పూజాద్రవ్యమైనా అది ఎక్కడనుండి వచ్చిందో విచారించడం కర్త బాధ్యత అని ఆ కథ చెబుతున్నది.

కావున భక్తులు ఇట్టి వస్తువును కొనరాదు, కానుకగా ఇవ్వరాదు, దేవాలయానికి సమర్పించరాదు. ఇప్పటికే తెలియక కొని ఉంటే, కృష్ణలో విడువక, ఇతరులకు ఇవ్వక, అటవీశాఖవారికి తెలిపి అప్పగించాలి. ఇంటి ఆవరణలోకి ఉడుము వస్తే పిల్లలను, కుక్కలను దూరంగా ఉంచి, దానికి దారి విడిచిపెడితే చాలు. అది తనంతట తానే వెళ్లిపోతుంది. గదిలో చిక్కుకొంటే అటవీశాఖవారిని పిలవాలి. ముచ్చటపడి ఉడుమును, ఊసరవెల్లిని పట్టి పెంచడం కూడా చట్టవిరుద్ధమే. ఇగువానా వంటి విదేశీ ప్రాణులను పెంచేవారు, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సవరణను అనుసరించి, ప్రభుత్వం వద్ద నమోదు చేసుకోవలసి ఉన్నది. విసుగు కలిగినపుడు వాటిని కాలువ గట్లపై విడిచిపెట్టడం ఆ ప్రాణికీ, ఇక్కడి ప్రాణులకూ హాని.

అమ్మవారికి, స్వామివారికి ప్రీతికరమైన ద్రవ్యాలు పత్రం, పుష్పం, ఫలం, తోయం. ఇవి మన పెరటిలో, మన కృష్ణమ్మలో సమృద్ధిగా ఉన్నాయి. వీటిని సమర్పించే భక్తునికి ఏ ప్రాణి దేహంతోనూ పనిలేదు.