పీసీలో టైమ్ పదే పదే తప్పుతోందా? ఎంత తేడా ఉందో చూస్తే కారణం తెలిసిపోతుంది

గోదావరిఖనిలో టైమ్ అంటే షిఫ్టు టైమ్. ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు... ఇంట్లో వంట నుంచి నిద్ర దాకా అన్నీ దాని లెక్కే. అదే ఇంట్లో డెస్క్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ ఏదో పాత సంవత్సరం చూపిస్తుంటే?

ఫోన్‌లో టైమ్ ఉంది కదా అని వదిలేయకండి. తేదీ తప్పితే బ్రౌజర్ వెబ్‌సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లను నమ్మదు, పేజీ ఓపెన్ కానివ్వదు. ఉద్యోగానికి అప్లై చేసే చివరి రోజు ఇలా జరిగితే సైట్ డౌన్ అయిందనుకుంటాం. కానీ తప్పు మన పీసీదే.

ముందు ఫోన్ పక్కన పెట్టుకుని, తేడా ఎంతో నోట్ చేసుకోండి.

పాత తేదీకి వెళ్లిపోతోందా?

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. ఎక్కువ డెస్క్‌టాప్‌లలో అది 3 వోల్టుల సీఆర్2032. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు, పీసీ షట్‌డౌన్ అయినా, గడియారం స్టాండ్‌బై పవర్‌తో నడుస్తుంది. మనమేమో రోజూ బోర్డు దగ్గర స్విచ్ బంద్ చేస్తాం. అప్పటి నుంచి భారమంతా ఆ బ్యాటరీదే.

టెస్ట్ చాలా సింపుల్. ఒక రాత్రి పీసీ షట్‌డౌన్ చేసి స్విచ్ ఆన్‌లోనే ఉంచండి. మరుసటి రాత్రి స్విచ్ కూడా బంద్ చేయండి. రెండోసారి మాత్రమే టైమ్ తప్పితే బ్యాటరీ అయిపోయినట్టే.

మార్చే ముందు ప్లగ్ తీసేయండి. కొత్తది ప్లస్ గుర్తు పైకి కనిపించేలా పెట్టండి. బయోస్ సెట్టింగ్స్ రీసెట్ అవుతాయి కాబట్టి వాటిని ముందే ఫొటో తీసుకోండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ తప్పకుండా దాచుకోండి.

తర్వాత తేదీ, టైమ్ చేత్తో సెట్ చేసి, ఆపైనే 'సింక్ నౌ' నొక్కండి. తేడా 15 గంటలు దాటితే విండోస్ మామూలుగా తనంతట తాను సరిచేయదు.

సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉందా?

ఇది బ్యాటరీ సమస్య కాదు. ఒకే పీసీలో విండోస్, లైనక్స్ రెండూ వాడేవాళ్లకు వచ్చే తంటా. లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ టైమ్ రాస్తుంది. విండోస్ దాన్నే మన లోకల్ టైమ్ అనుకుంటుంది. మన దేశ సమయం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు, అందుకే ఆ తేడా. లైనక్స్‌ను కూడా లోకల్ టైమ్ రాసేలా సెట్ చేస్తే సరిపోతుంది.

లైనక్స్ లేకుండానే గంటల లెక్కన తేడా వస్తుంటే టైమ్ జోన్ చూడండి. అక్కడ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ ఉన్న ఆప్షన్ సెలెక్ట్ అయి ఉండాలి.

రోజుకు సెకను, రెండు సెకన్లేనా?

రామగుండం ఎండలకూ దీనికీ సంబంధం ఉంది. మదర్‌బోర్డు గడియారంలోని క్వార్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా తయారవుతుంది. అది 45 డిగ్రీల వేడిలో ఉంటే రోజుకు దాదాపు 1 సెకను వెనకబడుతుంది, అంటే నెలకు అర నిమిషం పైనే. ఇది రిపేర్ కాదు, ఆటోమేటిక్ టైమ్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే చాలు.

కాబట్టి షాపులో 'మదర్‌బోర్డు పోయింది' అనగానే వేల రూపాయలు పెట్టేయకండి. ముందు ఆ రెండు రాత్రుల టెస్ట్ చేయండి. చిన్న బ్యాటరీతోనే పని అయిపోవచ్చు.