నూట ఎనభై కట్టలు ఎటు పోయాయి?

పోయిన ఎండాకాలం వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఇల్లందు వచ్చా. మా మేనమామ తునికాకు కల్లం చూస్తాడు. జనం తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసుకొస్తారు. 50 ఆకులకో కట్ట కట్టి, కల్లంలో వరుసగా పేర్చి, పేరు రాయించుకుని పోతారు. లెక్కంతా పొడుగు నోటుబుక్కులోనే. "సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవ్ కదా అల్లుడూ, ఈ లెక్క ఫోన్‌లో పడేటట్టు చెయ్యరాదూ" అన్నాడు మామ. రెండు రాత్రుల పని అనుకున్నా.

జావాస్క్రిప్ట్‌లో చిన్న పేజీ రాశా. నోటుబుక్కులో ఒకదాని కింద ఒకటి రాసిన అంకెల్ని కోడ్‌లో పెడితే దాన్ని అర్రే అంటాం. ఆ వరుస మీద పని చేసిపెట్టడానికి భాషలోనే రెడీమేడ్ పనిముట్లు ఉంటాయి. ఫిల్టర్, మ్యాప్, రెడ్యూస్, సార్ట్... మీరూ రోజూ వాడుతున్నారు. ఫుడ్ యాప్‌లో 'వెజ్ మాత్రమే' నొక్కితే ఫిల్టర్. షాపింగ్ యాప్‌లో 'తక్కువ ధర ముందు' అంటే సార్ట్.

మా ఊరోళ్లకైతే బొగ్గుతో చెప్పాలి. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. ఇప్పటి సింగరేణి కథ మొదలైంది ఇక్కడే. ఊరికి బొగ్గుట్ట అనే పేరు కూడా అందుకే. సరే, బెల్టు మీద పోతున్న బొగ్గులోంచి రాళ్లు తీసేసి మంచిది మాత్రం ఉంచుకుంటే అది ఫిల్టర్. ప్రతి టబ్బునీ తూచి ఒక్కో చీటీ రాస్తే మ్యాప్. పది టబ్బులు పోతే పది చీట్లు, తొమ్మిదీ కాదు, పదకొండూ కాదు. షిఫ్టు దిగేటప్పుడు ఆ చీట్లన్నీ కూడి ఒకే అంకె చెబితే రెడ్యూస్. మన దేశంలో 2012 నుంచి బొగ్గుని కేలరీల లెక్కన జీ1 నుంచి జీ17 దాకా 17 గ్రేడ్లు చేశారు. ఏ గ్రేడు ఆ కుప్పలో వేస్తే గ్రూప్‌బై.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. వరుసలో ప్రతిదానికీ ఒకే పని చెయ్యడమనేది జాన్ మెకార్తీ 1960లో లిస్ప్ భాష గురించి రాసిన వ్యాసంలోనే ఉంది. జావాస్క్రిప్ట్ మాత్రం 1995లో పుట్టినా, మ్యాప్, ఫిల్టర్, రెడ్యూస్‌లు దాని ప్రమాణంలోకి అధికారికంగా ఎక్కింది 2009 డిసెంబర్‌లో. గ్రూప్‌బై అయితే 2024 దాకా ఆగింది. పేర్ల గొడవ ఇంకో తమాషా. వరుసలో ఫలానాది ఉందా అని అడిగే మెథడ్‌కి 'కంటైన్స్' అని పెట్టబోతే, మూటూల్స్ అనే పాత లైబ్రరీ వాడే వెబ్‌సైట్లు చెడిపోయాయి. చివరికి 'ఇన్‌క్లూడ్స్' అని మార్చుకున్నారు.

ఇక నా ఘనకార్యం. బద్ధకించి పేర్లు ఒక అర్రేలో, కట్టల అంకెలు ఇంకో అర్రేలో పెట్టా. మూడో పేరుకి మూడో అంకె, అంతే లెక్క. 'ఈరోజు ఎక్కువ తెచ్చినవాళ్లు' అని పైన చూపిద్దామని కట్టల మీద సార్ట్ కొట్టా. 180 ఉండాల్సిన చోట 95 వచ్చి కూర్చుంది. ఏమీ చెప్పకపోతే జావాస్క్రిప్ట్ అంకెల్ని కూడా అక్షరాల్లాగే పోలుస్తుంది. 9 ముందు 1 చిన్నది కాబట్టి 95 పెద్దదైపోయింది. ఎలా పోల్చాలో చెప్పే చిన్న ఫంక్షన్ ఇచ్చి సరిచేసి, పని అయిపోయిందనుకున్నా.

మర్నాడు ఒక అవ్వ వచ్చింది. "నేను పెట్టింది నూట ఎనభై బిడ్డా. తొంభై అయిదంటున్నవేంది?" అంది. ఫోన్‌లో అంతే ఉందవ్వా అన్నా. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమెకి చదువు రాదు. ఇంటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంటుందట, పదికొక గీత. "వచ్చి చూసుకో, పద్దెనిమిది ఉన్నయ్" అంది. మామ నోటుబుక్కు తెరిచాడు. ఆమె పేరు మూడోది, ఎదురుగా 180. మొదటి పేరాయన తెచ్చింది 60, ఫోన్‌లో ఆయనకి 180 పడింది.

ఫిల్టర్, మ్యాప్‌లు పాత వరుసని ముట్టుకోవు, కొత్తది చేసిస్తాయి. సార్ట్ అలా కాదు, ఉన్న వరుసనే తిరగేస్తుంది. అంకెలు కదిలాయి, పేర్లు కదల్లేదు. ఒక్క పూటలో అవ్వకి 85 కట్టలు పోయినట్టే, అంటే 4,250 ఆకులు. మే నెల ఎండలో ఒంగి ఒంగి కోసిన ఆకులు.

2023 ప్రమాణంలో 'టుసార్టెడ్' అనేది వచ్చింది, పాతదాన్ని కదపకుండా కొత్త వరుస ఇస్తుంది. పెట్టి చూస్తే మామ పాత ఫోన్‌లో అసలు నడవలేదు. అప్పుడు 'స్లైస్'తో నకలు తీసి, ఆ నకలునే సార్ట్ చేశా. అసలు మందు అదీ కాదు, పేరూ అంకే ఒకే ఆబ్జెక్ట్‌లో కలిపి పెట్టడం. అలా ఉంటే ఎటు తిప్పినా ఎవరి కట్టలు వాళ్ల వెంటే పోతాయి. కాలేజీలో ఇది చదివా, పరీక్షలో మార్కులూ వచ్చాయి.

మామ నోటుబుక్కు మానలేదు. రెండూ రాస్తున్నాడు. సీజన్ అయ్యేదాకా అవ్వ రోజూ కట్టలు పేర్చి నా పక్కకొచ్చి నిలబడేది. "నా పేరు కాడ ఎంత చూపెడుతుందో సదువు" అనేది. చదివేవాణ్ని. వేళ్ల మీద లెక్క చూసుకుని, సరే అంటే అప్పుడు సేవ్ నొక్కేవాణ్ని.